నాన్న తర్రెంలో, పెంకులు వాకిట్లో

మీ ఇల్లు ఎక్కడ అని అడిగితే మనలో చాలామందిమి క్వార్టర్ నంబర్ చెబుతాం. ఫలానా బ్లాక్, ఫలానా టైప్, పై అంతస్తు. మూడు నాలుగేళ్ళయ్యాక అదే నంబర్ ఇంకెవరో చెబుతుంటారు. కుళాయి కారితే కంప్లైంట్ రిజిస్టర్‌లో రాస్తాం. ఎప్పుడో ఒకరోజు ప్లంబర్ అంకుల్ వస్తారు. గోడకి మేకు కొట్టబోతే అమ్మ వద్దంటుంది, ఖాళీ చేసేటప్పుడు ఆ కన్నం ఎవరు పూడుస్తారని. మా నాన్న సీఆర్పీఎఫ్‌లో హెడ్ కానిస్టేబుల్. పదో తరగతి దాకా నేను ఉన్న ఇళ్ళన్నీ ఇలాంటివే. ఇల్లు బాగుచేసుకోవడం అంటే ఏమిటో నాకు 2021 ఎండాకాలంలోనే తెలిసింది.

శ్రీకాకుళం జిల్లాలో, వంశధారకి దగ్గర్లో మా ఊరు. అక్కడి మా ఇల్లు తాతయ్య వాళ్ళ నాన్నగారు కట్టించినది. మూరెడు మందం మట్టిగోడలు, తాటి దూలాలు, తాటి వాసాలు, పైన గూన పెంకులు. ముందు అరుగు, మధ్యలో పెద్దగది, వెనక వంటిల్లు, దాని మీద అటక. తాతయ్య పోయాక మామ్మ ఒక్కతే ఉండేది. నాన్నకి ఛత్తీస్‌గఢ్ పోస్టింగ్ వచ్చింది, నా క్లాసులేమో ఆన్‌లైన్ అయిపోయాయి. దాంతో అమ్మా నేనూ మామ్మ దగ్గరికి వచ్చేశాం. నాన్న ఉండేది బీజాపూర్ జిల్లాలో, బాసగూడ దాటాక వచ్చే తర్రెం క్యాంపులో. నెట్ సిగ్నల్ మా ఇంట్లో వేపచెట్టు కిందే ఉంటుంది. తర్రెంలో నాన్నకీ అలాంటి చోటు ఒకటుందట. ఆయన అక్కడ నిలబడి, నేనిక్కడ నిలబడి మాట్లాడుకునేవాళ్ళం.

అంతకు ముందు వానాకాలంలో ఇల్లు ఏడుచోట్ల కారింది. నేను లెక్కపెట్టాను. ఇత్తడి బిందె, రెండు గిన్నెలు, స్నానాల బకెట్, బియ్యం కొలిచే కుంచం, చివరికి నా టిఫిన్ బాక్స్ కూడా కింద పెట్టాం. నా లెక్కల నోట్సు తడిసి సిరా అంతా నీలంగా పాకిపోయింది. మార్చి నెలాఖరుకి లీవ్ మీద వచ్చి దగ్గరుండి నేయిస్తానని నాన్న అన్నారు. ఆ లీవ్ రాలేదు. "నా కోసం ఆగొద్దు, వానలొచ్చేలోగా నేయించెయ్యండి" అని ఫోన్ చేశారు. లీవ్ ఎందుకు రాలేదని అమ్మ అడగలేదు. మన ఇళ్ళల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగరు కదా.

నేయించాలంటే మనిషి దొరకాలి. మా ఊళ్ళో మేస్త్రీలంతా కొత్త కాలనీలో స్లాబు ఇళ్ళు కడుతున్నారు. "పెంకులేంటమ్మా, తీసేసి రేకులు వేయించండి, లేదంటే స్లాబు పోయించండి" అని ఒకాయన సలహా ఇచ్చి వెళ్ళిపోయారు. మట్టిగోడలు స్లాబు బరువు మోయలేవు. రేకులు వేస్తే మే నెలలో మధ్యాహ్నం లోపల కూర్చోలేం. చివరికి పక్క ఊళ్ళో డెబ్బై ఏళ్ళ తాత ఒకాయన ఉన్నాడని తెలిసింది. ఆయన వచ్చి, ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, చూరు కింద నిలబడి పైకి చూసి, "సగం పెంకు పోనాది. కొత్త పెంకు ఎక్కడ తెస్తారు?" అన్నాడు.

అది అసలు చిక్కు. గూన పెంకులు చేసే కుమ్మరులు మా చుట్టుపక్కల ఇప్పుడు లేరు. అలాంటి పెంకు కావాలంటే ఎవరైనా పాత ఇల్లు పడగొట్టే దాకా కాచుకోవాలి. అదృష్టమో ఏమో, రెండు కిలోమీటర్ల దూరంలో ఒక ఇల్లు పడగొడుతున్నారు. ఆ ఇంటి అన్నదమ్ములు స్లాబు వేసుకుంటున్నారు. వాళ్ళ పెంకులు ట్రాక్టర్ మీద వచ్చి మా వాకిట్లో దిగాయి. వాళ్ళ మామ్మ కూడా వెనకే వచ్చి, మా అరుగు మీద కూర్చుని, ఒక పెంకు చేత్తో నిమిరి, టీ తాగి వెళ్ళింది. ప్రతి పెంకు మీదా పొడుగునా సన్నటి గీతలున్నాయి. అవి కుమ్మరి తడి మట్టిని సాపు చేసినప్పుడు పడిన వేళ్ళ గుర్తులని తాత చెప్పాడు.

గూన పెంకు ఎలా పనిచేస్తుందో మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలీదు, నాకైతే తెలీదు. ఒక వరస వెల్లకిలా వేస్తారు, అది కాలవ. రెండు కాలవల మధ్య సందు మీద ఇంకో పెంకు బోర్లా వేస్తారు, అది మూత. పైపెంకు కొస కిందిపెంకు మీదికి వచ్చేలా చూరు నుంచి పైకి నేసుకుంటూ పోతారు. సిమెంటు లేదు, మేకు లేదు. ఒకదాని బరువుకి ఒకటి ఆగుతుంది. అందుకే పిల్లి పరుగెత్తినా, కోతి గెంతినా జరిగిపోతాయి. రెండేళ్ళకోసారి మనిషి ఎక్కి సర్దుకోవాలి. తాతయ్య ఉన్నన్నాళ్ళూ ఆయనే ఎక్కేవారు. ఆ తర్వాత నాన్న లీవ్‌లో ఎక్కేవారు. లీవ్ లేని ఏడు ఎవరూ ఎక్కలేదు. అదే మా ఇంటి జబ్బు.

ఏప్రిల్ 1న పెంకు దించడం మొదలుపెట్టారు. ఎలుకల గూళ్ళు, కందిరీగల తుట్టె, బుట్టలకొద్దీ దుమ్ము. వంటింటి వైపు రెండు వాసాలు చెద తినేసి వేలుతో నొక్కితే పొడి రాలింది. ఒక వాసం సందులో బొంగరం ఒకటి దొరికింది, ములుకు తుప్పు పట్టి ఉంది. "అది మీ నాన్నదే. ఆడి పరీచ్చలని మీ తాత దాసీసినాడు, మరి ఇవ్వనేదు" అని మామ్మ నవ్వింది. నాకూ పదో తరగతి బోర్డు పరీక్షలు ముందున్నాయి. ఫోను దాచేస్తానని అమ్మ నన్ను బెదిరించే రోజులు అవి. ఆ బొంగరం నా జామెట్రీ బాక్సులో పెట్టుకున్నాను.

ఏప్రిల్ 3 శనివారం. సగం ఇంటికి కప్పు లేదు. టీవీని అరుగు మీదికి మార్చాం. సాయంత్రం వార్తల్లో బీజాపూర్, సుక్మా జిల్లాల సరిహద్దులో ఎదురుకాల్పులు, అయిదుగురు జవాన్లు మృతి అని వచ్చింది. మ్యాపులో ఒక ఎర్ర బాణం గుర్తు. ఒక ఛానెల్ ఆ చోటిని తారెం అని రాసింది, ఇంకొకటి టెర్రం అని. అమ్మ రిమోట్ నొక్కుకుంటూ పోయింది. తర్రెం అని సరిగ్గా రాసిన ఛానెల్ దగ్గర ఆగింది, అక్కడైతే నిజం చెబుతారన్నట్టు. నాన్న ఫోను కలవలేదు. ఆ రాత్రి పెద్దగదిలో ముగ్గురం ఆకాశం కింద పడుకున్నాం. చుక్కలు చాలా కనిపించాయి. ఎవరూ నిద్రపోలేదని ముగ్గురికీ తెలుసు.

ఆదివారం పొద్దున్న తాత వచ్చాడు. ఊళ్ళో విషయం తెలిసిపోయింది. నిచ్చెన దగ్గర నిలబడి, "అమ్మా, ఈయేళకి ఎల్లిపోనా?" అని అడిగాడు. అమ్మ, "పని ఆపి నేనేం చేస్తాను బాబూ, ఎక్కండి" అంది. నేను కింద నుంచి అమ్మకి, అమ్మ నిచ్చెన మీద నుంచి తాతకి పెంకులు అందించాం. మధ్యాహ్నానికి చనిపోయినవాళ్ళు 22 మంది అని వచ్చింది. వాళ్ళల్లో మన రాష్ట్రం వాళ్ళు ఇద్దరు, ఒకరు మా పక్క జిల్లా విజయనగరం, ఒకరు గుంటూరు జిల్లా. ఒక జవాను కనిపించడం లేదని కూడా చెప్పారు. నేను ఆ రోజు 640 పెంకులు అందించాను. లెక్క ఎందుకు గుర్తుందంటే, లెక్క పెడుతున్నంతసేపూ ఇంకో ఆలోచన రాలేదు. ఒకటి తప్పితే మళ్ళీ మొదటి నుంచి పెట్టేదాన్ని.

రాత్రి ఎనిమిది దాటాక ఫోను మోగింది. ఆ రోజు నాన్నది క్యాంపులోనే డ్యూటీ. మాట్లాడింది నిమిషం కూడా లేదు. "నేను బాగున్నాను. అమ్మకి చెప్పు. పెంకులు కప్పారా?" అన్నారు. సగం అయ్యాయని చెప్పాను. "మూల వాసం దగ్గర జాగ్రత్తగా నేయమను" అని పెట్టేశారు. మామ్మకి చెప్పగానే ఆవిడ లోపలికెళ్ళి పొయ్యి వెలిగించింది. పొద్దుట్నుంచి ఇంట్లో ఎవరూ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ వారమంతా టీవీ ఆ వార్తే చూపించింది. కనిపించకుండా పోయిన జవానుది జమ్మూ. ఆయన చిన్న పాప తన నాన్నని వదిలిపెట్టమని ఏడుస్తున్న వీడియో మళ్ళీ మళ్ళీ వేశారు. మామ్మ ప్రతిసారీ లేచి వెళ్ళిపోయేది. నాకు ఆ పాప మీద జాలి కన్నా ముందు ఆ వీడియో తీస్తున్నవాళ్ళ మీద కోపం వచ్చింది. కానీ ఆయన్ని ఏప్రిల్ 8న వదిలేశారు. మాట్లాడి తీసుకొచ్చినవాళ్ళలో ధరంపాల్ సైనీ గారు ఒకరు. 90 ఏళ్ళ పెద్దాయన, బస్తర్‌లో ఆదివాసీ ఆడపిల్లల చదువు కోసం ఆశ్రమ పాఠశాలలు నడిపి పద్మశ్రీ అందుకున్నారు. అంత వయసులో అడవిలోకి వెళ్ళి మనిషిని వెనక్కి తెచ్చారు. గోండ్వానా సమాజ్ పెద్ద తెల్లం బోరయ్య గారు కూడా వెళ్ళారు. ఆ పాప నవ్వుతున్న వీడియో ఒక్కసారే చూపించినట్టు గుర్తు.

మర్నాడు, ఏప్రిల్ 9న ఐపీఎల్ మొదలైంది. వకీల్ సాబ్ కూడా అదే రోజు విడుదలైంది. టీవీలో బీజాపూర్ లేదు, ఎర్ర బాణం లేదు. పక్కింటి అన్నయ్య బెనిఫిట్ షో కబుర్లు చెబుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా రాత్రి మ్యాచ్ చూశాను. చివరి బంతికి బెంగళూరు గెలిస్తే అరిచాను కూడా. ఆ తర్వాత కాసేపు సిగ్గుగా అనిపించింది, ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఏప్రిల్ 13న ఉగాది. ప్లవ నామ సంవత్సరం. ప్లవ అంటే తెప్ప అని పంతులుగారు పంచాంగం చదువుతూ చెబితే, మామ్మ వంటింటి వైపు చూసి "మనకి తెప్పే కావాల" అంది. ఆ పక్కన ఇంకా కప్పు పడలేదు. ఆ మర్నాడే సీబీఎస్ఈ పదో తరగతి పరీక్షలు రద్దు. రెండేళ్ళు చదివింది ఏం చేసుకోవాలో తెలియక బొంగరానికి తాడు కట్టి వాకిట్లో తిప్పాను. ములుకు అరిగిపోయింది కదా, పక్కకి పడిపోయింది.

నాన్న ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. మేమూ అడగలేదు. ఫోన్లో మాట్లాడుకున్నదంతా ఇళ్ళ గురించే. తర్రెంలో కూడా గూన పెంకులే అని చెప్పారు. మట్టిగోడలు, కర్ర స్తంభాలు, చేత్తో చేసిన పెంకు. ఒకసారి రోడ్డు డ్యూటీలో ఉండగా ఒక తాత ఇంటి మీద ఎక్కి పెంకు సర్దుతుంటే, నాన్న ఉండబట్టలేక "తాతా, ఇల్లు నేస్తున్నావా?" అని తెలుగులో అడిగేశారట. ఆ తాత కిందికి చూసి, సగం తెలుగు సగం వాళ్ళ మాట కలిపి, కోతుల్ని తిట్టాడట. ఆ వైపు ఉండే దోర్లా వాళ్ళ మాటలో తెలుగు చాలా ఉంటుంది. గోండీలో ఇంటిని లోన్ అంటారు. మన లోన, లోగిలి గుర్తొస్తాయి కదూ. నీళ్ళని ఏర్ అంటారు. మనకి ఏరంటే పారే నీళ్ళు. బాసగూడ పక్కన పారే తాలిపేరు అడవి దాటి మన చర్ల దగ్గరికి వచ్చి గోదావరిలో కలుస్తుంది. అట్లాసులో పెన్సిల్‌తో దాని వెంట గీత గీశాను. రాష్ట్రాల సరిహద్దు గీత దాన్ని అడ్డంగా కోసి పోతోంది.

ఏప్రిల్లో అక్కడ ఇప్పపూలు రాలతాయి, తెల్లారకుండానే ఆడవాళ్ళు, పిల్లలు బుట్టలతో ఏరుకుంటారు, క్యాంపు దాకా ఆ వాసన వస్తుంది అని నాన్న చెప్పారు. ఇంకోసారి, పెంకు లేని ఇళ్ళ గురించి చెప్పారు. 2005 తర్వాత జరిగిన గొడవల్లో ఆ వైపు చాలా ఊళ్ళు ఖాళీ అయిపోయాయి. కొందరు అప్పటి మన ఖమ్మం జిల్లాకి వలస వచ్చేశారు. మళ్ళీ తిరిగి వెళ్ళినవాళ్ళు ఉన్నారు, వెళ్ళనివాళ్ళు ఉన్నారు. "కప్పు పోయిన మట్టిగోడ ఎన్నాళ్ళో నిలవదమ్మా. వానకి కరిగిపోయి దిబ్బ అయిపోద్ది. దిబ్బ మీద తులసికోట ఒక్కటి నిలబడి ఉంది ఒకచోట" అన్నారు. అందుకేనేమో మా కప్పు గురించి ఆయనకి అంత తొందర.

మే 17న తర్రెం అవతల సిల్గేర్‌లో, కొత్త క్యాంపు వద్దని ఊళ్ళవాళ్ళు చేస్తున్న ఆందోళనలో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారని పేపర్లో చదివాను. వాళ్ళు మావోయిస్టుల వాళ్ళని పోలీసులన్నారు, మా ఊరివాళ్ళే అని గ్రామస్థులన్నారు. నాకు ఏం అనుకోవాలో తెలీలేదు. ఆ రాత్రి నాన్నని అడిగాను. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ పెంకులు సర్దిన తాత ఇల్లు ఆ దారిలోనే" అన్నారు. ఆ తర్వాత అమ్మకి ఫోన్ ఇమ్మన్నారు.

అప్పటికి మా పని కూడా ఆగిపోయి ఉంది. మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. తాత పొద్దున్న ఆరింటికి వచ్చి పదకొండుకి దిగిపోయేవాడు. రెండో వారంలో ఆయనకి జ్వరం వచ్చింది. మనవడు వచ్చి, తాత రాడని దూరం నుంచే చెప్పి వెళ్ళాడు. వంటింటి మూల మాత్రం మిగిలింది. వాసాలు మార్చాం కానీ పెంకు పడలేదు. నెలాఖరుకి బంగాళాఖాతంలో యాస్ తుఫాను అన్నారు. టార్పాలిన్ కప్పి నాలుగు మూలలా రాళ్ళు కట్టాం. అది ఒడిశా వైపు వెళ్ళిపోయింది, మాకు గాలి మాత్రం వచ్చింది. కానీ జూన్ వస్తే ఏం చేయాలి?

నిచ్చెన ఎక్కింది అమ్మ. చీర కొంగు బిగించి, మామ్మ కింద నుంచి అరుస్తుంటే, "నెల రోజులు చూశాను కదా అత్తయ్యా, ఇంకెలా నేరుస్తారు" అంది. నేను వాసాల మీద కూర్చుని కాలవ పెంకు పెట్టేదాన్ని, అమ్మ మూత పెంకు పెట్టేది. తిన్నగా ఉన్న చోట బాగానే వచ్చింది. రెండు వాలులు కలిసే మూల వాసం దగ్గరే తంటా. అక్కడ పెంకుని వాలుకి తగ్గట్టు కొట్టుకోవాలి. తాత సుత్తితో టక్‌మని ఒక్క దెబ్బ వేస్తే కావలసిన చోటే విరిగేది. మేం కొడితే మూడు ముక్కలయ్యేది. పధ్నాలుగు పెంకులు పాడుచేశాం. నాలుగు రోజులు పట్టింది. దిగాక చూస్తే మూల కాస్త వంకరగా, కొత్తగా రాయడం నేర్చుకున్న పిల్లాడి చేతిరాతలా ఉంది. జూన్ మధ్యలో తాత జ్వరం తగ్గి కర్ర పట్టుకుని వచ్చాడు. చాలా సన్నబడిపోయాడు. కింద నుంచే చూసి, "ఎవుల్నేసినారు?" అన్నాడు. మేమే అన్నాం. "సరే, వాన సెప్తాది" అని కూలి డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు.

వాన చెప్పింది. పదకొండో తరగతికి నేను ఈ స్కూల్లో చేరాక, సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను మా జిల్లాలోనే, కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రం నుంచి గాలి, కరెంటు పోయింది. వాకిట్లో వేపచెట్టు ఊగిపోతోంది. లాంతరు పెట్టుకుని ముగ్గురం పెద్దగదిలో కూర్చుని పైకి చూస్తున్నాం. ఏడు చోట్లా చూశాం, ఎక్కడా చుక్క లేదు. మామ్మ పెంకుల వైపు చూసి దండం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి టప్, టప్ మని వినబడింది. మా మూలే.

ఇత్తడి బిందె తీసుకెళ్ళి పెట్టేసరికి ఫోన్ మోగింది. టవర్ ఇంకా పడిపోలేదు. నాన్న కంగారుగా, "గాలి ఎలా ఉంది? కప్పు ఆగిందా?" అన్నారు. ఆగిందని చెప్పాను. అటు నుంచి ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత, "ఆ చప్పుడేంటి? వంటింటి మూలేనా?" అన్నారు.

"నీకెలా తెలుసు?"

"ఆ మూల ఎప్పుడూ అంతే. నా చిన్నప్పుడూ కారేది. తాతయ్య ఎన్నిసార్లు నేసినా అక్కడ కారాల్సిందే."

"మరి ముందే చెప్పొచ్చు కదా! మేం పధ్నాలుగు పెంకులు పగలగొట్టాం."

నాన్న నవ్వారు. ఏప్రిల్ తర్వాత అలా గట్టిగా నవ్వడం అదే మొదటిసారి. "దాన్ని ఇంక ముట్టుకోకండి. నేనొచ్చి చూస్తా" అన్నారు. లైను కట్ అయిపోయింది. మళ్ళీ రెండు రోజుల దాకా సిగ్నల్ లేదు.

ఇది రాస్తున్నది డిసెంబరులో. సంక్రాంతికి లీవ్ అప్లై చేశానని నాన్న చెప్పారు. మిగిలిన పెంకులు ఆరు ఉన్నాయి. కోళ్ళ గూటి మీద కప్పుకుంటామని పక్కింటివాళ్ళు అడిగితే మామ్మ ఇవ్వలేదు. చూరు కింద, నిచ్చెన పక్కన, ఒకదాని మీద ఒకటి బోర్లించి పెట్టింది.


— పదకొండో తరగతి విద్యార్థిని